ఒక్క లైన్ వెనక జరిగేదేంటి?

‘అర్రే మధ్యలో ఒక విలువ చేర్చాలి. ఎలా?’ నా మొదటి క్యాంపస్ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది. ‘పైథాన్‌లో ఇన్‌సర్ట్ వాడతాను సర్’ అని టక్కున చెప్పేశా. ‘ఇన్‌సర్ట్ లేదనుకోండి. సి లో రాసి చూపించండి’ అన్నారు. పెన్ను పట్టుకుని పది నిమిషాలు అలాగే కూర్చున్నా. ఆ ఉద్యోగం రాలేదు.

మీరూ జావాస్క్రిప్ట్‌లో స్ప్లైస్, జావా అర్రేలిస్ట్‌లో యాడ్ అంటూ పేర్లు బట్టీ పడుతున్నారా? తప్పేం లేదు, రేపు ఉద్యోగంలో వాడేవి అవే. కానీ ఆ ఒక్క లైన్ వెనక ఏం జరుగుతుందో తెలియకపోతే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

అర్రేలో విలువలు మెమరీలో పక్కపక్కనే ఉంటాయి. ప్యాసింజర్ రైల్లో సీటు మధ్యలో ఇంకొకరు కూర్చోవాలంటే ‘కొంచెం జరగండి’ అంటాం కదా, ఇక్కడా అంతే. చివర్లో ఒక ఖాళీ ఉండాలి. చివర ఉన్నవాళ్లే ముందు జరగాలి.

10, 20, 40, 50 ఉన్న అర్రేలో 20 తర్వాత 30 పెట్టాలనుకోండి. ముందు 50ని, తర్వాత 40ని ఒక్కో గడి కుడికి జరపాలి. అప్పుడు ఖాళీ అయిన చోట 30 పెట్టాలి. తొందరపడి 40తో మొదలుపెట్టారో, అది 50 మీద కూర్చుంటుంది. చివరికి 10, 20, 30, 40, 40 మిగులుతాయి. 50 గల్లంతు!

‘లైబ్రరీ ఉండగా ఈ గోలంతా ఎందుకు?’ అంటారేమో. లక్ష విలువలను ఒక్కొక్కటిగా అర్రే మొదట్లోనే చేరుస్తూ పోతే, మొత్తం జరపడాలు దాదాపు 500 కోట్లు. అదే చివర్లో చేర్చుకుంటూ పోయి, ఆఖర్న ఒకసారి తిరగేస్తే 50 వేల మార్పిడులతో సరి. ఫలితం అదే, పని మాత్రం ఎంత తేడానో చూడండి. ఆ తేడాను లైబ్రరీ చెప్పదు, మీకే తెలియాలి.

‘అయితే లింక్డ్ లిస్ట్ వాడతా, జరపక్కర్లేదు’ అని కూడా తొందరపడొద్దు. జరపడం తప్పుతుంది, నిజమే. కానీ ఆ చోటు వెతకడానికి మొదటి నుంచి ఒక్కో నోడ్ దాటుకుంటూ వెళ్లాల్సిందే.

నా మాట ఒక్కటే. కొత్త ఫంక్షన్ నేర్చుకున్న ప్రతిసారీ, అది లేకుండా ఆ పని ఎలా చేస్తారో కాగితం మీద ఒకసారి రాయండి. ఈ రాత్రికి ఇన్‌సర్ట్‌తోనే మొదలుపెట్టండి. అర్రే ఖాళీగా ఉంటే? నిండిపోయి ఉంటే? మొట్టమొదట చేర్చాలంటే? చిట్టచివరైతే? ఈ నాలుగూ వాళ్లు అడగకముందే మీరే చెప్పగలిగితే, నాలా పెన్ను పట్టుకుని కూర్చోవాల్సిన పని ఉండదు.