కసరత్తా? అబ్బే... అదేం లేదండీ!

తార్నాక చౌరస్తా దాటి తెల్లవారుజామున ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి అడుగుపెడితే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. కాన్వాసు బూట్లు తొడుక్కుని, చేతులూపుకుంటూ ఆర్ట్స్ కాలేజీ వైపు చకచకా నడిచేవాళ్లు ఒక రకం. నడుం వంచి, చీపురు పట్టి రోడ్డు మీద రాలిన ఆకుల్ని ఊడ్చేవాళ్లు రెండో రకం. చెమట ఇద్దరికీ పడుతుంది. ‘రోజూ వ్యాయామం చేస్తారా?’ అని అడిగి చూడండి. నడిచే పెద్దాయన ‘నలభై నిమిషాలు... వాన పడ్డా మానను’ అంటాడు. ఊడ్చే ఆమె ఓ క్షణం చీపురు ఆపి నవ్వుతుంది. ‘గంత తీరిక మాకేడిది సారూ!’ అంటుంది.

ఆ రెండు జవాబులూ కాగితం మీదికెక్కితే ఏమవుతుంది? పెద్దాయన చురుకైన మనిషి. ఆమె... వ్యాయామం లేని మనిషి!

ఆ కాగితాన్నే శాస్త్రవేత్తలు ప్రశ్నావళి అంటారు. మధుమేహం ఎందుకు పెరుగుతోంది, గుండెజబ్బులు ఎవరికొస్తున్నాయి, జనం ఎంత కదులుతున్నారు... ఇవన్నీ తేల్చే పెద్ద పెద్ద సర్వేలు చాలావరకు ఇలాంటి ప్రశ్నల మీదే నడుస్తాయి. లక్షల మందికి నడుముకో యంత్రం కట్టడం కుదరదు కదా. అడగడమే చవక. కానీ అడగడంలోనే ఉంది చిక్కంతా.

ఈ చిక్కును విప్పడానికి కూర్చున్నవాళ్లలో కొందరి చిరునామా ఆ రోడ్డు చివర్లోనే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ. ఉస్మానియా విశ్వవిద్యాలయమూ ఈ సంస్థా ఒకే ఏడాది, 1918లో పుట్టాయి. కాకపోతే సంస్థ పుట్టింది కూనూరులో, రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడి చేతుల మీదుగా, బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు ఒక చిన్న విభాగంగా. 1958లో హైదరాబాద్ వచ్చింది. ఇప్పుడున్న పేరు 1969లో పెట్టుకుంది.

తిండి గురించి పరిశోధించేవాళ్లకు కసరత్తు లెక్కలతో ఏం పని? చాలా ఉంది. ఎవరికి ఎంత తిండి కావాలో చెప్పాలంటే ముందు ఎవరు ఎంత కష్టపడుతున్నారో తెలియాలి. సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం 65 కిలోల మగమనిషి కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2110 కెలోరీలు చాలు. ఓ మోస్తరు శ్రమ చేస్తే 2710 కావాలి. ఒళ్లొంచి గట్టి పని చేస్తే 3470. అదే 55 కిలోల స్త్రీకైతే వరసగా 1660, 2130, 2720. అంటే చీపురు పట్టిన ఆమెను పొరపాటున మొదటి గడిలో వేస్తే, కాగితం మీద ఆమె కంచంలోంచి రోజుకు 470 కెలోరీలు మాయమైపోతాయి. గట్టి పని చేసే కూలీ విషయంలోనైతే అది వెయ్యి దాటుతుంది. ఒక పూట భోజనం కంటే ఎక్కువే!

అంతర్జాతీయంగా బాగా పేరున్న ప్రశ్నావళి ఒకటుంది. 1998లో జెనీవాలో నిపుణులు కూర్చుని దానికి పునాది వేశారు. 2000లో పన్నెండు దేశాల్లో పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. ఆ పన్నెండింటిలో భారతదేశం లేదు. గడిచిన ఏడు రోజుల్లో కష్టమైన పని ఎన్ని రోజులు చేశారు, మోస్తరు పని ఎన్ని రోజులు, ఎంత నడిచారు, ఎంతసేపు కూర్చున్నారు... చిన్న ప్రశ్నావళిలో ఇంతే. ఏ దేశానికి ఆ దేశం దాన్ని తమ భాషలోకి తెచ్చుకుని పరీక్షించుకుంది. తుర్కీ భాషలోకీ అలాగే వెళ్లింది. అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద పరీక్షించి 2010లో ప్రచురించారు. టర్కీలో అయినా కాలేజీ కుర్రాడికి సరిపోయిన ప్రశ్న పొలం పనికి వెళ్లే అవ్వకు సరిపోతుందా అన్నది వేరే సంగతి.

ఇంతకీ ఆ ప్రశ్నావళిలో ‘మోస్తరు శ్రమ’కు ఇచ్చిన ఉదాహరణలేమిటో తెలుసా? తేలికపాటి బరువులు మోయడం, మామూలు వేగంతో సైకిలు తొక్కడం, డబుల్స్ టెన్నిస్ ఆడటం! ఇబ్రహీంపట్నం వైపు కలుపు తీస్తున్న ఆమె దగ్గరికెళ్లి ‘అమ్మా, గడిచిన వారం డబుల్స్ టెన్నిస్ ఎన్నిసార్లు ఆడావు?’ అని అడిగితే ఎలా ఉంటుంది?

టెన్నిస్ తీసేసి కలుపు తీయడం అని రాసుకుంటే సరిపోతుందిగా అనిపిస్తుంది. సరిపోదు. మాటలు కూడా మొరాయిస్తాయి. తెలుగులో ‘వ్యాయామం’ అనగానే డ్రిల్లు మాస్టారు గుర్తొస్తాడు. ‘కసరత్తు’ అంటే దండీలూ బస్కీలూ. ‘శ్రమ’ అంటే చాలామందికి బాధతో కూడిన కష్టం. ఇంట్లో రోజూ చేసేదాన్ని ఎవరూ శ్రమ అనరు, పని అంటారు. పోనీ ‘మితమైన శారీరక శ్రమ’ అని పుస్తకాల భాషలో రాస్తే చదివినవారికీ అర్థం కాదు. ‘కొంచెం ఆయాసం వచ్చేంత పని’ అంటేనో, తెలంగాణ పల్లెలో ‘జర దమ్ము వచ్చేంత పని’ అంటేనో దారి దొరుకుతుంది. అప్పుడూ ‘మా అత్తకు ఉబ్బసం... కూసున్నా దమ్మొస్తది’ అనేవాళ్లుంటారు!

కూర్చోవడం సంగతి చూడండి. ఇంగ్లీషు ప్రశ్న రాసినవారి కళ్లముందు కుర్చీ ఉంది. తెలుగింట్లో కుర్చీ ఉంది, పీట ఉంది, నేల ఉంది, గొంతుక్కూర్చోవడం ఉంది. గొంతుక్కూర్చుని ముందుకు జరుగుతూ పూటంతా కలుపు తీసిన మనిషిని ‘ఎంతసేపు కూర్చున్నారు?’ అని అడిగితే ఏం చెబుతుంది? పొద్దున్నించీ కూర్చునే ఉన్నాననేగా!

ఇక ‘ఏకబిగిన పది నిమిషాలు చేసిన పనులే చెప్పండి’ అనే నిబంధన ఒకటి. ఇది రాసినవారు పొద్దున ఏడింటికి ఏ తెలుగు వంటింట్లోకీ తొంగిచూసి ఉండరు. పొయ్యి మీద కూర, చేతిలో పిల్లాడి టిఫిన్ డబ్బా, వాకిట్లో పాలవాడు, కుళాయి కింద నిండుతున్న బిందె... ఏ పనీ పది నిమిషాలు వరసగా సాగదు. మూడు గంటలు కాలు నిలవకుండా తిరిగినా లెక్కలోకి వచ్చేది సున్నా.

ఇక్కడే హైదరాబాద్ పరిశోధకుల పని అక్కరకొచ్చింది. దానికి ముందు ఒక ఉప్మా కథ చెప్పుకోవాలి.

1987 నుంచి 1990 వరకు రంగారెడ్డి జిల్లాలోని 29 పల్లెల్లో పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. పదిహేను పల్లెల్లో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న-సోయా పిండి, సోయా నూనెతో చేసిన ఉప్మా రోజూ ఇచ్చారు. గర్భిణులకు సుమారు 500 కెలోరీలు, పిల్లలకు అందులో సగం. పక్కనే ఉన్న పద్నాలుగు పల్లెలకు ఆ పథకం ఇంకా అందలేదు. ఆ పిల్లలు పెద్దయ్యాక, 2003-05లో మళ్లీ వెతికి పట్టుకుని చూశారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. గుండెకు సంబంధించిన కొన్ని కొలతలూ వాళ్లలో మెరుగ్గా ఉన్నాయి. కడుపులో ఉండగా తిన్న తిండి ఇరవై ఏళ్ల తర్వాత ఆరోగ్యాన్ని ఎలా తీర్చిదిద్దుతుందో చూడటానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌తో కలిసి ఈ పరిశీలన ఇంకా ముందుకు సాగింది. తల్లిదండ్రుల్నీ కలుపుకున్నారు. అదే ‘ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ’. ఊళ్లు ఇప్పుడు తెలంగాణలో ఉన్నాయి, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

దీనికి అన్నదమ్ముల్లాంటి అధ్యయనం ఇంకొకటి ఉంది. నిజానికి అది అన్నదమ్ముల అధ్యయనమే! 2005-07లో లక్నో, నాగపూర్, బెంగళూరు, హైదరాబాద్‌లలోని నాలుగు కర్మాగారాల్లో చేశారు. హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్. పల్లె నుంచి వచ్చి కర్మాగారంలో చేరిన అన్ననూ, ఊళ్లోనే ఉండిపోయిన తమ్ముణ్నీ పక్కపక్కన పెట్టి చూశారు. అక్కాచెల్లెళ్లనూ అంతే. పల్లెలో ఉండిపోయిన మగవారిలో మధుమేహం 6.2 శాతం. వలస వచ్చినవారిలో 14.3 శాతం. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చింది? తిండా, కదలిక తగ్గడమా? కదలికను సరిగ్గా కొలవకపోతే ఈ ప్రశ్నకు జవాబే లేదు. అందుకే ఆ అధ్యయనానికి ఇక్కడి జీవితాన్ని బట్టి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 2012లో దాని మంచిచెడ్డలు ప్రచురించారు. ఆ తర్వాత రంగారెడ్డి పల్లెల కోసం మరొకటి తయారైంది. దాని పరీక్ష 2016లో వెలువడింది.

ఇలాంటి ప్రశ్నావళి ‘వ్యాయామం చేస్తారా’ అని మొదలుకాదు. రోజును ముక్కలు చేస్తుంది. నిద్ర, ఉద్యోగం లేదా కూలిపని, ఇంటిపని, ప్రయాణం, తీరిక, కూర్చున్న సమయం... ఒక్కోదాని గురించీ అడుగుతూ పోతుంది. అడిగేది మనిషే కాబట్టి చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. తర్వాత ఒక్కో పనికీ ఒక్కో విలువ కడతారు. తీరిగ్గా కూర్చుంటే ఒంట్లో ఖర్చయ్యే శక్తి ఒక వంతు అనుకుంటే మూడు నుంచి ఆరు వంతుల దాకా ఖర్చయ్యేది మోస్తరు పని, ఆరు దాటితే కష్టమైన పని. ఇరవై నాలుగు గంటలకూ లెక్క కుదరాలి. కుదరకపోతే ఎక్కడో ఏదో మరిచారన్నమాట. గృహిణుల దగ్గర మరిచిపోయేది ఎక్కువగా వాళ్ల పనే!

ప్రశ్నలు బాగున్నాయని ఎలా తెలుస్తుంది? ఒక పద్ధతి, కొన్నాళ్లాగి అదే మనిషిని మళ్లీ అడగడం. కర్మాగారాల అధ్యయనంలో కొందరిని నెలలోపు, ఇంకొందరిని నెల దాటాక మళ్లీ అడిగారు. పల్లెలో ఇది తమాషాగా ఉంటుంది. ఈ నెల నాట్లు, వచ్చే నెల ఖాళీ. జవాబు మారితే తప్పు ప్రశ్నదా, వానదా?

రెండో పద్ధతి యంత్రం. అగ్గిపెట్టె అంత యాక్సిలరోమీటరును నడుముకు బెల్టులా కడతారు. మనిషి కదిలినప్పుడల్లా అది నమోదు చేసుకుంటుంది. రంగారెడ్డి పల్లెల వాళ్లలో కొందరికి ఇలా కట్టి, వాళ్ల నోటిమాటతో పోల్చారు. ఒంట్లో కొవ్వు శాతంతో, నాడి వేగంతో కూడా సరిచూశారు. పొంతన ఉంది. కాకపోతే అచ్చుగుద్దినట్టు లేదు. ప్రపంచంలో ఏ ప్రశ్నావళికీ ఇంతకంటే గొప్ప మార్కులేం రావు.

అలాగని యంత్రం చెప్పేదంతా నిజమా? నడుముకున్న యంత్రానికి నడక బాగా తెలుసు. బండ మీద బట్టలుతికే చేతులు దానికి కనపడవు. తల మీద గడ్డిమోపు ఉందో లేదో తెలియదు. సైకిలు తొక్కుతుంటే నిలబడ్డట్టే అనుకుంటుంది. గొంతుక్కూర్చుని కలుపు తీసేవాళ్లను అదీ ఖాళీగా కూర్చున్నవాళ్ల కిందే జమకట్టే ప్రమాదముంది. ఆమె కూడా ‘కూర్చున్నాను’ అనే చెప్పిందనుకోండి... ప్రశ్నావళీ యంత్రమూ చక్కగా ఏకీభవిస్తాయి. రెండూ తప్పే!

ఇదంతా విని, ఇంట్లో పనిచేసేవాళ్లంతా కావలసినంత కదులుతున్నట్టే అనుకుంటే అదీ పొరపాటే. మిక్సీ, గ్యాసు పొయ్యి, వాషింగ్ మెషీను వచ్చాక రోలు, రుబ్బురోలు, బావి గిలక ఇంటి పనిలోంచి తప్పుకున్నాయి. పని గంటలు తగ్గలేదు, ఒంటికి పట్టే కష్టం తగ్గింది. పొద్దస్తమానం పనే అని ఆమె అనడం నిజం. ఆ పనిలో గుండె వేగం పెంచేది కొంచెమే కావడమూ నిజమే కావచ్చు. అలసట వేరు, కదలిక వేరు. మంచి ప్రశ్నావళి ఈ తేడాను ఆమెను నొప్పించకుండా రాబట్టగలగాలి. ‘ఏం చేస్తారు?’ అంటే రాదు. ‘బట్టలు ఎక్కడ ఉతుకుతారు, ఎవరు పిండుతారు, మిద్దె మీదికి ఎవరు మోస్తారు?’ అంటే వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ అవసరాన్ని కొంత గుర్తించింది. దాని ప్రశ్నావళిలో ఉదాహరణలను ఏ దేశం ఆ దేశానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి మధుమేహ సర్వేలో వాడింది దాన్నే. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో జరిపిన ఆ సర్వే ఫలితాలు 2014లో వచ్చాయి. సగానికి పైగా జనం చాలినంత కదలడం లేదని తేలింది. సరదాకో ఆరోగ్యానికో తీరిక వేళల్లో ఆటా కసరత్తూ చేసేవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. తీరిక వేళల గురించి మాత్రమే అడిగి ఊరుకుని ఉంటే దేశమంతా సోమరులే అని తేలేది.

2020లో మరో మలుపు. ‘ఏకబిగిన పది నిమిషాలు’ అన్న షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థే తన సిఫార్సుల్లోంచి తీసేసింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ ఉండాలంది. అది రెండేసి నిమిషాల చొప్పున జమైనా పర్వాలేదంది. వంటింటికీ వాకిటికీ మధ్య తిరిగిన అడుగులకు ఇన్నాళ్లకు లెక్కలో చోటు దొరికిందన్నమాట. అయితే పది నిమిషాల మాట తీసేస్తే పాత ప్రశ్నలు పనికిరావు. రెండు నిమిషాల పనులను ఎవరు గుర్తుపెట్టుకుంటారు, ఎలా గుర్తుచేయాలి? మళ్లీ కొత్త మాటలు వెతకాలి, అడిగి చూడాలి, మళ్లీ నడుముకు బెల్టు కట్టాలి. అడిగేవాళ్లు ఈసారి పొద్దున ఏడింటికి వెళితే మంచిది. కాకపోతే ఆ వేళలో జవాబు చెప్పే తీరిక ఆమెకు ఉండదు!