పది కోళ్లున్న ఇంటికీ సాయం కావాలి

కేంద్రం 2021లో సవరించిన నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో పల్లె కోళ్ల యూనిట్‌కు 50 శాతం సబ్సిడీ ఉంది, గరిష్ఠంగా 25 లక్షల రూపాయలు. కానీ కనీసం 1,000 తల్లికోళ్లు పెట్టాలి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పది కోళ్లు సాదుకునే ఆడవాళ్లకు అందులో చోటేది?

వాళ్లకు కావలసింది పెద్ద షెడ్డు కాదు, జరుపుకునే గూడు. వెదురుతో నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాలు. చుట్టూ జాలీ, పైన రేకు, ఎండాకాలం రేకు మీద గడ్డి. నల్లరేగడిలో వానలకు చక్రాలు దిగబడతాయి కాబట్టి, ఇద్దరు ఎత్తేటట్టు మోత కర్రలు పెట్టాలి.

గూడు ఒక్కచోటే ఉంటే రెట్ట పేరుకుని, తడికి రక్తపారుడు రోగం వస్తుంది. రెండు రోజులకోసారి జరిపితే ఆ రెట్టే నేలకు ఎరువు. జరిపినప్పుడల్లా అడుగున సందు లేకుండా చూడాలి, లేకుంటే ముంగిస దూరుతుంది. నెలకోసారి కడిగి, ఎండబెట్టి, సున్నం పూయాలి. మందు కొట్టిన పత్తి చేను దగ్గరికి తీసుకుపోవద్దు.

గూడు ముంగిసను ఆపుతుంది గానీ కొక్కెర తెగులును ఆపదు. టీకా సీసా వందల కోళ్లకు సరిపడా వస్తుంది, కలిపాక కొద్ది గంటలే పనిచేస్తుంది. పది కోళ్లున్నామె ఒక్కతే ఎట్లా కొంటుంది? ఊరంతటికీ ఒకే రోజు వేయాలి.

మహిళా సంఘాల ద్వారా గూటికి సాయం, పశువైద్య సిబ్బందితో ఊరూరా టీకా. ఈ రెండూ మన డిమాండ్లు. వచ్చే గ్రామసభలో అడిగి, తీర్మానం రాయించండి.