పొగ లేదంటే చాలదు, ఇంధనం ఎక్కడిదో చెప్పాలి

ఫ్యూయల్ సెల్ వస్తే పొగ ఉండదు, మోత ఉండదు, నీటి ఆవిరి తప్ప మరేమీ బయటకు రాదని ప్రచారం హోరెత్తుతోంది. హైడ్రోజన్‌తో నడిచే యంత్రం వరకు అది నిజమే. కానీ ఆ ఇంధనం ఎలా వస్తుందో ఎవరూ ఎత్తడం లేదు. ఖర్చంతా అక్కడే ఉంది.

ఫ్యూయల్ సెల్ ఇంధనాన్ని మండించదు. దాన్ని గాలిలోని ప్రాణవాయువుతో కలిపి నేరుగా కరెంటు పుట్టిస్తుంది. నేడు ప్రపంచంలో హైడ్రోజన్‌ను అత్యధికంగా సహజవాయువు, బొగ్గుల నుండే తీస్తున్నారు. మనం చల్లే యూరియా బస్తా వెనుక ఉన్నదీ అదే. సహజవాయువు నుండి ఒక కిలో తీస్తే 9, 10 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. పొగ పోలేదు, బండి దగ్గర్నుంచి ఫ్యాక్టరీకి మకాం మార్చింది, అంతే.

నీటిని విడగొట్టి తీస్తేనో? కిలోకు 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. దాన్ని ఫ్యూయల్ సెల్‌లో పెడితే తిరిగొచ్చేది 16 నుండి 20 యూనిట్లు. మూడు కుంచాలు పోసి కుంచం చిల్లర తెచ్చుకునే బేరమిది. పగలు సోలార్ కరెంటు ఉన్నచోట మోటారును నేరుగా దానికే తగిలిస్తే పోదా!

పోనీ చవక ఇంధనం వాడదామంటే, బండ్లలో పెట్టే రకం సెల్‌లో ప్లాటినం ఉంటుంది. హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ పిసరంత ఉన్నా దాన్ని పట్టుకు కూర్చుంటుంది, కరెంటు పడిపోతుంది. కాబట్టి బాగా శుద్ధి చేసిందే కొనాలి. మిథనాల్ పోసే రకమూ ఉంది. క్యానులో మోసుకుపోవచ్చు గానీ ప్లాటినం ఇంకా ఎక్కువ కావాలి, కొంత మిథనాల్ పొర దాటి వృథా పోతుంది. పైగా అది విషం, తాగితే కళ్లు పోతాయి.

గోబర్ గ్యాస్‌తో నడిచేదీ ఉంది. 700 డిగ్రీల వేడిలో పనిచేసే ఈ రకానికి ప్లాటినం అక్కర్లేదు, కార్బన్ మోనాక్సైడ్ దీనికి విషం కాదు, మేతే. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే గంధకపు వాయువును మాత్రం ముందే తీసేయాలి. వేడికి తట్టుకునే సామాను ఖరీదెక్కువ, రాజుకోవడానికి గంటలు పడుతుంది. పొద్దున కాసేపు వేసి ఆపే పంపుసెట్టుకు ఇది పనికిరాదు. రాత్రింబవళ్లు నడిచే పాలకేంద్రం లాంటిచోట ఆలోచించవచ్చు.

కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. అక్కడ తయారయ్యేది ముందు ఎవరికి పోవాలి? ఎరువులకని మేమంటాం. అమ్మోనియా హైడ్రోజన్ లేనిదే తయారుకాదు, బండికీ మోటారుకూ వేరే దారులున్నాయి. కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల మంచినీరు కావాలి. ఆ నీరు ఎక్కడి నుండి తెస్తారో, యూనిట్ ఎంత పడుతుందో చుట్టుపక్కల ఊళ్ల గ్రామసభల్లో లెక్క చెప్పమని మనవాళ్లు అడగాలి.