క్షారజలమూ థైరాయిడ్ మాత్రా

"క్షారజలం తాగితే థైరాయిడ్ నయమవుతుందట, మాత్ర మానేయవచ్చా డాక్టరుగారూ?" అని తరచుగా అడుగుతున్నారు. మానరాదు. అడగకుండానే మానేసి, కొన్ని నెలలకు ముఖం ఉబ్బి, నీరసించి వచ్చినవారిని చూశాను.

థైరాయిడ్ కణం తన ఆమ్లత్వాన్ని తానే సరిదిద్దుకుంటుంది. జీవక్రియలో నిరంతరం పుట్టే హైడ్రోజన్ అయాన్లను కణత్వచంలోని ఒక ప్రోటీన్ వెలుపలికి పంపి, బదులుగా సోడియం అయాన్లను లోనికి రానిస్తుంది. ఆ సోడియాన్ని మరొక పంపు శక్తిని వెచ్చించి తిరిగి బయటికి తోడుతుంది. కణంలోకి అయోడిన్ రావడానికి కూడా ఈ సోడియం వ్యత్యాసమే ఆధారం. ఇక రక్తపు పీహెచ్ 7.35–7.45 మధ్య నిలిచేలా ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ కాపు కాస్తాయి.

ఇంతటి కట్టుదిట్టాన్ని ఒక సీసాడు నీళ్లు మారుస్తాయా? జఠరరసంలో కలవగానే వాటి క్షారగుణం చాలావరకు హరించుకుపోతుంది. అయినా, హైపోథైరాయిడిజంలో లోపించినది హార్మోను, క్షారం కాదు.

విడ్డూరమేమిటంటే, లెవోథైరాక్సిన్ మాత్ర సరిగా కరగడానికి జఠరంలోని ఆమ్లమే తోడ్పడుతుంది. ఆమ్లాన్ని తగ్గించే మందులు దీర్ఘకాలం వాడేవారిలో కొందరికి మాత్ర మోతాదు పెంచవలసి వస్తుంది కూడా.

ఆ నీళ్లకు పెట్టే సొమ్ముతో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి. మాత్రను పరగడుపున, మామూలు మంచినీళ్లతోనే వేసుకోండి.