కేసు షీటులో లేని కంచం

ఆస్పత్రిలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది ‘బాటిల్ ఎక్కించారా?’ అని. ఏం తిన్నారన్నది ఆ తరవాతి ప్రశ్న. ఆ అరలీటరు సీసాలో ఉన్నది ఐదు శాతం డెక్స్‌ట్రోజు అయితే, అందులో చక్కెర 25 గ్రాములు. శక్తి వంద కేలరీలకు మించదు. అంటే రెండు ఇడ్లీల పాటి. ఉత్త ఉప్పునీటి సెలైన్ అయితే అదీ లేదు. మాంసకృత్తులు రెండింట్లోనూ సున్నా. ఒంట్లోకి నీరూ లవణాలూ పంపడానికి బాటిల్ కావాలి, కాదనను. కానీ మూడు రోజులు దాని మీదే ఉన్న మనిషి మూడు రోజులు పస్తున్నట్టే లెక్క.

1974లోనే చార్లెస్ బటర్‌వర్త్ అనే అమెరికా వైద్యుడు ఈ సంగతి మీద తోటివాళ్లను నిలదీశాడు. బరువు రాయకపోవడం, రోజుల తరబడి గ్లూకోజు సెలైన్ మీద ఉంచడం, పరీక్షల పేరిట భోజనం మాన్పించడం, ఎంత తిన్నారో ఎవరూ చూడకపోవడం... ఇలా ఏకరువు పెట్టి, రోగులు ఆస్పత్రిలోనే చిక్కిపోతున్నారన్నాడు. యాభై ఏళ్లు దాటాక కూడా మన వార్డుల్లో ఆ జాబితాలోంచి కొట్టేయదగ్గది నాకొక్కటీ కనపడదు. స్కానింగుకు పరగడుపున రమ్మంటారు. మధ్యాహ్నం రెండింటికి ‘ఇవాళ కుదరదు, రేపు రండి’ అంటారు. మంచం దగ్గరికి తిరిగొచ్చేసరికి భోజనాల బండి వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. మర్నాడూ పరగడుపే.

అసలు ఆస్పత్రి మెట్లెక్కేటప్పటికే మనవాళ్లలో బక్క ప్రాణాలెక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 19 శాతం మంది ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు. జబ్బు ముదిరితే ఒళ్లు తన కండనే కరిగించుకు తింటుంది. కోతలు మానవు, పుండ్లు పడతాయి, కఫం బయటికి దగ్గే ఓపిక కూడా ఉండదు.

జార్ఖండ్‌లో 2019 నుంచి జరిగిన ‘రేషన్స్’ అధ్యయనం తిండి విలువను కిలోల్లో చూపించింది. 2,800 మంది క్షయ రోగులకు నెలకు పది కిలోల సరుకులిచ్చారు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. చేరేనాటికి వాళ్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా తక్కువ బరువువాళ్లే. మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. నలభై కిలోల మనిషికి ఐదు శాతమంటే రెండు కిలోలు! క్షయ రోగులకు కేంద్రం ఇచ్చే పోషణ సాయం 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయల నుంచి వెయ్యికి పెరిగింది. తెలంగాణ కూడా కొన్నేళ్ల కిందట ప్రభుత్వాస్పత్రుల్లో సాధారణ రోగి డైట్ ఛార్జీని రోజుకు 40 నుంచి 80 రూపాయలు చేసింది.

పెంచడం మంచిదే. అయితే డైట్ ఛార్జీ కాంట్రాక్టరు బిల్లులో ఉండే మాట. కేసు షీటులో దానికి చోటు లేదు. స్విట్జర్లాండ్‌లో ఎనిమిది ఆస్పత్రుల్లో, పోషణ లోపించే ముప్పున్న రెండు వేల మంది పైచిలుకు రోగుల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. సగం మందికి మామూలు ఆస్పత్రి భోజనం పెట్టారు. మిగతా సగానికి ఎన్ని కేలరీలు, ఎంత మాంసకృత్తు కావాలో ఎవరికి వారికి లెక్కగట్టి, అది లోపలికి పోయిందో లేదో చూసుకున్నారు. నెలలోపు మరణాలు మొదటివాళ్లలో పది శాతం, రెండోవాళ్లలో ఏడు. తిండికి కరవులేని దేశంలో తేడా తెచ్చింది ఈ లెక్కా, ఈ కాపలానే.

మన వార్డులో అసలు డైటీషియన్ మంచం పక్కన కూర్చున్న అత్తగారో పెద్దమ్మో. ఆపరేషనయితే పప్పు పెట్టకూడదు, చీము పడుతుంది. జ్వరమా, లంఖణం పరమౌషధం. డాక్టరు ‘తేలిగ్గా పెట్టండి’ అంటే వీళ్లకు వినపడేది జావ, బ్రెడ్డు. గుడ్డు పెట్టొచ్చా అని అడగడానికి రౌండ్స్‌లో వ్యవధి ఉండదు. పెద్దమ్మను తప్పుబట్టి లాభం లేదు, ఆమెకు వేరే మాట చెప్పినవాళ్లే లేరు. అలాగని చాలాకాలం పస్తున్నవాళ్లకు ఒక్కసారిగా దండిగా పెడితే రక్తంలో ఫాస్ఫేటు పడిపోయి గుండె కూడా ఆగిపోవచ్చు. వాళ్లకు కొద్దికొద్దిగా, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచాలి. అందుకే కంచంలో ఏముండాలో డాక్టరు రాసివ్వాలంటున్నాను.

చేరిన రోజే తూచాలి. నిలబడలేకపోతే జబ్బ చుట్టుకొలత తీయాలి. ఈ మధ్య బట్టలు వదులయ్యాయా, వారంగా తిండి తగ్గిందా అని అడగాలి. తీరిక లేని నర్సు మీద ఇంకో రిజిస్టరు పడేస్తే అది ఉత్తుత్తి అంకెలతో నిండుతుంది. పెద్దమ్మకే ఒక కార్డివ్వండి, నాలుగు భాగాలుగా గీసిన కంచం బొమ్మతో. పూటపూటా ఎంత తిన్నారో ఆమె గీత పెడుతుంది, చదువు అక్కర్లేదు. రౌండ్స్‌లో డాక్టరు దాన్ని బీపీ చార్టుతో పాటు చూస్తే చాలు.

డిశ్చార్జి రోజున మళ్లీ తూచాలి. ఇప్పుడు రోగి చేతికిచ్చే కాగితంలో మందుల పేర్లుంటాయి, మళ్లీ ఎప్పుడు రావాలో ఉంటుంది. ఎన్ని కిలోలు తగ్గి ఇంటికి పోతున్నారో ఉండదు.