ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి ఓడకి

 

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. పదిహేనేళ్ళ మగపిల్లాడిని ఏ క్యాంపులో వెయ్యాలి? కోడింగా, రోబోటిక్సా, ఎస్ఏటీ కోచింగా? ఈ నెల మన గ్రూపుల్లో ఎవరూ అడగని ఒక చోటు గురించి చెప్తాను. తెరచాపలతో నడిచే శిక్షణ ఓడ. మీ వాడిని తప్పకుండా పంపమని చెప్పడానికి కాదులెండి. ఆ ఓడ మీద పిల్లలు ఎలా పెద్దవాళ్ళవుతారో తెలిస్తే, మన ఇళ్ళలో ఏం తక్కువైందో కూడా తెలుస్తుంది.

ఇంజన్లున్న ఈ కాలంలో తెరచాపలేమిటి అంటారా? అమెరికా కోస్ట్ గార్డ్ ఈనాటికీ తన క్యాడెట్లకి 'ఈగిల్' అనే తెరచాప ఓడ మీద శిక్షణ ఇస్తోంది. అది 1936లో జర్మనీలో కట్టిన ఓడ. మన భారత నౌకాదళానికి 'తరంగిణి' ఉంది. 1997లో దళంలో చేరింది, 2003-04లో ప్రపంచం చుట్టి వచ్చింది. గాలినీ నీళ్ళనీ చదవడం, పక్కవాడితో కలిసి తాడు లాగడం మీట నొక్కితే వచ్చే విద్యలు కావని వాళ్ళ నమ్మకం. హైస్కూలు పిల్లల కోసం నడిచే చిన్న ఓడలూ ఇక్కడ చాలానే ఉన్నాయి. ఇప్పుడు వాటిలో ఆడపిల్లలు కూడా ఉంటారు.

ఆ ఓడల్లో రోజుని వంతులుగా పంచుతారు. చాలా చోట్ల నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వంతు పడిందనుకోండి. ఒకడు దిక్సూచి చూస్తూ చుక్కాని పట్టుకుంటాడు. ఒకడు ముందు భాగాన నిలబడి చీకట్లో వేరే ఓడల దీపాలు కనిపిస్తాయేమో చూస్తాడు. ఇంకొకడు గంటగంటకీ కిందికి దిగి, ఓడ అడుగున నీళ్ళు చేరాయా అని చూసి వస్తాడు. వంటింటి వంతు వచ్చినవాడు ఓడలో అందరికీ సరిపడా బంగాళదుంపలు చెక్కు తీసి, తిన్నాక అంట్లన్నీ తోముతాడు. బాత్రూములు కడగడం కూడా వాళ్ళదే.

వంతుకి లేవకపోతే? ఇంట్లో అయితే మనం మూడుసార్లు లేపుతాం, బస్సు వెళ్ళిపోతే కార్లో దింపుతాం. ఓడలో అయితే వీడు వచ్చేదాకా అంతకుముందు వంతువాడు పడుకోవడానికి వీల్లేదు. అక్కడ కోప్పడేది అమ్మ కాదు, కళ్ళు మూతలు పడుతున్న ఇంకో పదహారేళ్ళ కుర్రాడు. మర్నాడు వీణ్ణి ఎవరూ లేపక్కర్లేదు.

పాత నావికుల మాట ఒకటుంది. 'ఒక చెయ్యి నీకు, ఒక చెయ్యి ఓడకి.' తెరచాప కొయ్య ఎక్కినప్పుడు ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ప్రాణం కాపాడుకో, రెండో చేత్తో ఓడ పని చెయ్యి అని. రెండు చేతులూ తన కోసమే వాడుకునేవాడి వల్ల ఓడ కదలదు. రెండూ ఓడకే ఇచ్చేస్తే వాడు మిగలడు. ఈ మాట మన పిల్లలకి ఎంత అవసరమో, మనకీ అంతే అవసరం.

ఇక్కడిదాకా చదివేసరికి అమ్మ మనసు ప్రమాదం దగ్గరికి వెళ్ళిపోయి ఉంటుంది. అది కూడా చెప్పుకోవాల్సిందే.

1920లో హాలెండులో కట్టిన 'ఆల్బట్రాస్' అనే ఓడని, ఎర్నెస్ట్ గాన్ అనే అమెరికన్ రచయిత కొని తెరచాపల అమరిక మార్పించాడు. ఆయన తర్వాత క్రిస్టఫర్ షెల్డన్ కొని, దాని మీద మగపిల్లలకి బడి నడిపాడు. చదువూ, ఓడ పనీ రెండూ అక్కడే. నెలల ప్రయాణం ముగింపుకొస్తుండగా, 1961 మే 2న, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో హఠాత్తుగా విరుచుకుపడిన గాలికి ఓడ పక్కకి ఒరిగిపోయింది. ఇంచుమించు ఒక్క నిమిషంలో మునిగిపోయింది. నలుగురు విద్యార్థులు, వంటవాడు, కెప్టెన్ భార్య డాక్టర్ ఆలిస్, మొత్తం ఆరుగురు పోయారు. మిగిలినవాళ్ళని లైఫ్ బోట్లలోంచి ఒక డచ్చి సరుకుల ఓడ ఎక్కించుకుంది. 1996లో వచ్చిన 'వైట్ స్క్వాల్' సినిమా ఈ కథే.

ఆ పిల్లలు చేతకానివాళ్ళు కారు. నెలల తరబడి ఆ ఓడని నడిపినవాళ్ళే. అయితే ఆ ఓడకి పైభాగాన బరువు ఎక్కువై, ఒరిగితే తిరిగి లేచే శక్తి తక్కువగా ఉందని తర్వాత లెక్కలు కట్టినవాళ్ళు తేల్చారు. అది పదహారేళ్ళ పిల్లాడు చూసుకోవాల్సిన లెక్క కాదు, పెద్దవాళ్ళది. ఈ ప్రమాదం తర్వాత కోస్ట్ గార్డ్ బడి ఓడల నిబంధనలన్నీ మళ్ళీ పరిశీలించింది. చివరికి 1982లో అమెరికాలో బడి ఓడలకంటూ ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది.

ఇంకో ఓడ సంగతి. కెనడావాళ్ళు నడిపిన 'కాంకార్డియా' 2010 ఫిబ్రవరి 17న బ్రెజిల్ తీరానికి చాలా దూరంగా, ఇలాగే గాలికి ఒరిగి మునిగింది. ఓడలో 48 మంది విద్యార్థులతో కలిపి 64 మంది. అందరూ గాలి తెప్పల్లోకి చేరారు. సుమారు 40 గంటలు సముద్రం మీద గడిపాక సరుకుల ఓడలు వచ్చి ఎక్కించుకున్నాయి. 64 మందిలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఓడ వదలాల్సి వస్తే ఎవరెక్కడ ఉండాలో పిల్లలు ముందే అభ్యాసం చేసి ఉన్నారు. మరి ఓడ ఎందుకు ఒరిగింది? ఎంత గాలికి ఎన్ని తెరచాపలు దించాలో చెప్పే లెక్కలు ఓడలో ఉన్నా, వాటిని వాడటంలో అధికారులకి తగిన శిక్షణ లేదని కెనడా దర్యాప్తు సంస్థ చెప్పింది. ఇదీ పెద్దవాళ్ళ వంతే.

అపాయంలోకి తోస్తేనే పిల్లాడు మగాడవుతాడనే మాట మన దగ్గరా ఉంది, ఇక్కడా ఉంది. ఈ రెండు ఓడలూ ఆ మాటని ఒప్పుకోవు. పిల్లల్ని పెద్దవాళ్ళని చేసింది రాత్రి వంతు. అపాయం చేసిందల్లా ప్రాణాలు తియ్యడం, లేదా తియ్యబోవడం. ఓడ గట్టిగా ఉందో లేదో చూడటం మన పని. ఆ తర్వాత తాడు వాడి చేతికి ఇవ్వడం కూడా మన పనే. మనలో చాలామందిమి మొదటిది బాగానే చేస్తాం, రెండోదాని దగ్గరే ఆగిపోతాం.

మన ఇళ్ళలో మగపిల్లాడి రెండు చేతులూ వాడి కోసమే పనిచేస్తుంటాయి. చదువు వాడిదే, కీబోర్డు క్లాసు వాడిదే, మార్కులూ వాడివే. వాడు చెయ్యకపోతే ఇంట్లో ఇంకెవరికైనా ఆగిపోయే పని ఒక్కటైనా ఉందా, ఆలోచించండి. మనం ఆఫీసూ, వంటా, రాత్రి ఇండియా కాల్సూ అన్నీ మోస్తూ, వాడి కంచం మాత్రం వాడి ముందు పెడతాం. ఊళ్ళో ఉన్న అమ్మమ్మలకి ఒక మనవి. వీడియో కాల్లో మనవడు గిన్నెలు తోముతూ కనిపిస్తే 'పాపం, మగపిల్లాడి చేత అంట్లేమిటే' అనకండి. 'ఎన్ని తోమావు నాన్నా?' అని అడగండి చాలు.

వాడికో వంతు ఇవ్వండి. ఆదివారం రాత్రి భోజనం, కూరగాయలు కొనడం దగ్గర్నుంచి స్టవ్ తుడవడం దాకా. లేదా వారం వారం చెత్త డబ్బాలు. ఇండియా నుంచి తాతయ్య వచ్చి ఉంటే, ఆయనతో డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆయన మాట డాక్టరుకీ, డాక్టరు మాట ఆయనకీ చెప్పడం. చెత్త డబ్బా పెట్టడం మర్చిపోతే వారమంతా గరాజులో వాసన భరించండి, మీరు మాత్రం పెట్టకండి. తాతయ్య మందులు అలా కాదు. అక్కడ పొరపాటు జరగకుండా మీరూ పక్కనుంచి చూసుకోండి. ఏది వాసనతో పోతుందో, ఏది ప్రాణం మీదికి వస్తుందో వేరు చెయ్యడమే మన కెప్టెన్ ఉద్యోగం.

నిజంగానే ఓడకి పంపాలనుకుంటే మొహమాటం లేకుండా అడగండి. కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ ఉందా? ఓడ స్థిరత్వాన్ని ఎవరు పరీక్షించారు? రాత్రి వంతులో పిల్లలతో పెద్దవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఓడ వదిలే అభ్యాసం మొదటి రోజే చేయిస్తారా? కొయ్య ఎక్కడం ఇష్టమైతేనా, తప్పనిసరా? ఎక్కేవాళ్ళకి నడుముకి కట్టే బెల్టు ఇస్తారా? ఈత రావాలా? శాకాహారం దొరుకుతుందా? జవాబులు తిన్నగా చెప్పనివాళ్ళ దగ్గరికి పంపకండి.

ఈ నెల మీ వాడికి ఏ వంతు ఇచ్చారో గ్రూపులో రాయండి. మొదటి వారం ఎలా గడిచిందో కూడా రాయండి, వాసనతో సహా. వచ్చే నెల కలుద్దాం.