యంత్రాలతో మైత్రి: పాత చైన్ సా చెప్పిన పాఠం

గత సంచికలో నీటి పంపుల బేరింగులను గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి మన కాలనీలలో తోటపని విభాగం వారి గదిలో ఒక మూల దుమ్ము కొట్టుకొని ఉండే యంత్రాన్ని గురించి విన్నవిస్తాను. అది చెట్లు కోసే గొలుసు రంపం. అందరూ చైన్ సా అంటారు.

2022 మే 30 సాయంకాలం ఢిల్లీని అతలాకుతలం చేసిన గాలివాన చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకున్న ఆ గాలికి జామా మసీదు గుమ్మటం మీది కలశం సైతం దెబ్బతిన్నది. మా కాలనీలో రెండు వేపచెట్లు, ఒక తురాయి చెట్టు దారికి అడ్డంగా కూలాయి. వాటిని తొలగించడానికి మా తోటమాలి పాత చైన్ సాను బయటకు తీశాడు. అది పది నిమిషాలు పనిచేసి, కీచుమని ఆగిపోయింది. ఎంత లాగినా తాడు కదలలేదు. స్టోర్సు వారు దానిని పనికిరాని సామగ్రి జాబితాలో చేర్చబోతుండగా, నేను అడ్డుపడి బాగుచేస్తానని మాట ఇచ్చాను. ఆ పిమ్మట జరిగినదానిలో నా తప్పు ఉన్నది గనుకనే ఈ నెల శీర్షికకు దీనిని ఎన్నుకున్నాను.

ఈ యంత్రం చరిత్ర క్లుప్తంగా చెబుతాను. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో, 1929లో పెట్రోలుతో నడిచే రంపాలు తయారుచేశాడు. అవి ఇద్దరు మనుషులు మోయవలసిన బరువైనవి. ఒక్కడే పట్టుకొని కోయగల రంపాలు 1950 ప్రాంతంలో వ్యాప్తిలోకి వచ్చాయి. గొలుసు పళ్ల సంగతి మరీ ఆసక్తికరం. అమెరికాలోని ఓరిగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే చెట్లు కొట్టే వ్యక్తి, కర్రను తొలిచే ఒక పురుగు తన దవడలను కుడికీ ఎడమకూ ఆడిస్తూ ఏ దిశలోనైనా కోసుకుపోవడం గమనించాడు. ఆ పద్ధతిలోనే 1947 ప్రాంతంలో ఉక్కుపళ్ల గొలుసును రూపొందించాడు. నేటి గొలుసులలో చాలావాటికి అదే మూలం.

ఇక ఇంజను సంగతి. ఇది మనం ఒకప్పుడు నడిపిన స్కూటర్ల వలె రెండు స్ట్రోకులది. బంకులో పెట్రోలుకు నూనె కలిపించుకున్న రోజులు నా ఈడు వారు మరచిపోరు. దీనికి వేరే నూనె తొట్టి ఉండదు. పెట్రోలులో కలిపిన నూనెయే క్రాంకుకూ, పిస్టనుకూ ఆధారం. పైగా పెట్రోలు, గాలి మిశ్రమం ముందు క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడ నుండి సిలిండరులోకి వెళుతుంది. కాబట్టి క్రాంకు గదికి ఎక్కడ చిన్న చిల్లి పడినా అదనపు గాలి చొరబడి మిశ్రమం పలుచబడుతుంది. పలుచని మిశ్రమంలో వేడి ఎక్కువ, నూనె తక్కువ. నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరిగే ఇంజనుకు ఆ రెండూ చాలు, పిస్టను పట్టివేయడానికి.

విప్పి చూడగా పిస్టను మీద ఎగ్జాస్టు వైపు నిలువు గీతలు కనిపించాయి. నూనె కలపకుండా నడిపితే ఏర్పడే గీతలూ ఇట్లాగే ఉంటాయి. తోటమాలిని పిలిచి, నూనె సరిగా పోయలేదని మందలించాను. "కొలిచే పోశాను సాబ్" అన్నాడతడు. నేను చెవిన పెట్టలేదు.

సిలిండరు గోడకు అంటుకొన్న అల్యూమినియాన్ని పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం అద్దిన దూదితో కరిగించాను. సిలిండరు లోపలి పూత చెడకుండా ఉంటేనే ఈ పని చేయాలి. పూత లేచిపోయిన చోట ఆమ్లం సిలిండరునే తినివేస్తుంది. చేతితొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. గాలి ఆడే చోట చేయాలి. తరువాత సన్నని ఎమరీ గుడ్డతో రుద్ది, కొత్త పిస్టను, కొత్త రింగులు వేసి, లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల నూనె స్వయంగా కొలిచి కలిపాను. యంత్రం చక్కగా మ్రోగింది. వారం తిరగకుండానే మళ్లీ పట్టివేసింది.

ఈసారి పెట్రోలు కలిపినది నేనే. నింద మోపడానికి మరొకరు లేరు.

మొదటే చేయవలసిన పరీక్షను అప్పుడు చేశాను. కార్బురేటరును, సైలెన్సరును విప్పి ఆ రంధ్రాలను రబ్బరు ముక్కలతో, రేకు బిళ్లలతో మూసి, చేతిపంపుతో అర బార్ మేర గాలి ఎక్కించాను. ముల్లు నిలువకుండా దిగిపోయింది. సబ్బునీరు పూయగా ఫ్లైవీలు వెనుక ఉన్న ఆయిల్ సీలు వద్ద బుడగలు లేచాయి. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు పెంకువలె బిగిసిపోయింది. కశ్మీరీ గేటు బజారులో కొలతలు చూపి, పెట్రోలుకు తట్టుకొనే వైటాన్ రబ్బరు సీళ్లు రెండు తెచ్చాను. ఖరీదైన పిస్టనును రెండు మార్లు మార్పించినది ఒక చౌక సీలు! కారణం తెలియకుండా భాగం మార్చడం మరమ్మతు కాదు, వాయిదా మాత్రమే. తోటమాలి వద్దకు వెళ్లి, నా అనుమానం తప్పని చెప్పాను. అతడు నవ్వి ఊరుకొన్నాడు. నాకు మాత్రం ఆ నవ్వు సుళువుగా జీర్ణం కాలేదు.

కథ అక్కడితో ముగియలేదు. క్లచ్ డ్రమ్ము చుట్టూ ఉండవలసిన చైన్ బ్రేకు పట్టీ లేదు. ఎప్పుడో ఎవరో మెకానిక్కు అడ్డమని తీసివేసినట్లున్నది. బ్లేడు కొన పైభాగం కర్రకు తగిలితే రంపం రెప్పపాటులో మనిషి ముఖం వైపు ఎగురుతుంది. అప్పుడు ముందరి కాపుదల కమ్మీ చేతికి తగిలి, సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో పరుగెత్తే గొలుసును క్షణంలో నిలిపివేసేది ఆ పట్టీయే. కంపెనీ డీలరు వద్ద నుండి అది రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా వానకాలం వస్తున్నదని, విరిగి వేలాడుతున్న కొమ్మలు కోయాలని కాలనీ పెద్దలు తొందరపెట్టారు. ముందు కోయించి బ్రేకు సంగతి తరువాత చూద్దామన్నారు. నేను యంత్రాన్ని ఇవ్వలేదు. ఆ కొమ్మలను ఇద్దరు మనుషులు చేతిరంపంతో రెండు రోజులు కోశారు. నా మీద కొందరికి కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆ రంపం పట్టుకొనేది వారు కాదు, నేనూ కాదు.

ఇంట్లో, కార్యాలయంలో పాత చైన్ సా ఉన్నవారికి రెండు మాటలు. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో ఇథనాలు ఇరవై శాతానికి చేరింది. ఇథనాలు తేమను పీల్చుకొంటుంది, పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరు డయాఫ్రములను పాడుచేస్తుంది, మిశ్రమాన్ని కొంత పలుచన కూడా చేస్తుంది. కనుక పని ముగియగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తానే ఆగేవరకు నడిపి భద్రపరచాలి. పాత గొట్టాలను ఇథనాలుకు తట్టుకొనే వాటితో మార్చి, కార్బురేటరు మరను తెలిసినవారి చేత తిరిగి సరిచేయించాలి. రెండవ మాట: యంత్రం బాగుపడిందని చెట్టు మీదికి పోరాదు. ఢిల్లీలో 1994 నాటి వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి వృక్షాధికారి అనుమతి అవసరం.

మా కాలనీ రంపం నేటికీ పనిచేస్తున్నది. తోటమాలి ప్రతిసారీ దానిని నేల మీద ఉంచి ఇంజను నడిపి, కమ్మీని ముందుకు నెట్టి గొలుసు ఆగినదని చూచుకొన్న తరువాతే పనికి దిగుతాడు. పెట్రోలులో నూనె కొలిచి కలిపేది కూడా అతడే.